కొత్త డిస్కు వేసినా పోని పాత యజమాని

ఏడేళ్లుగా వాడుతున్న నా ల్యాప్‌టాప్ మూత మడత దగ్గర విరిగిపోయి, గోడకు ఆనించి పెడితే తప్ప నిలబడని స్థితికి వచ్చాక, దాన్ని బాగుచేయించడమా లేక వేరే కంప్యూటర్ కొనడమా అన్న ప్రశ్న ఎదురైంది. నా పనికి కంప్యూటర్‌ను చంకన పెట్టుకుని తిరగాల్సిన అవసరం లేదు. పుస్తకాల ప్రూఫులు దిద్దడం, వేల వరుసలున్న ఎక్సెల్ పట్టికలతో కుస్తీ పట్టడం, వారానికి మూడు నాలుగు వీడియో కాల్స్, తీరిక దొరికినప్పుడు పాత ఫోటోలను స్కాన్ చేసి మచ్చలు తీయడం, ఇంతే నా అవసరాలు. ఈ మాత్రం దానికి కొత్త యంత్రం మీద పెద్ద మొత్తం పెట్టడం ఇష్టం లేక, ఆఫీసుల్లో వాడి తీసేసిన డెస్క్‌టాప్ ఒకటి కొని, కావలసిన భాగాలను నేనే మార్చుకోవాలని నిర్ణయించుకున్నాను. అంతకుముందు నేను కంప్యూటర్ విప్పిన సందర్భాలు రెండో మూడో ఉంటాయి, అవి కూడా దుమ్ము దులపడానికే.

ఈ యంత్రాలు అంత చవకగా ఎందుకు దొరుకుతాయన్నది ముందుగా తెలుసుకున్నాను. పెద్ద సంస్థలు డెస్క్‌టాప్‌లను వందల సంఖ్యలో కొంటాయి లేదా లీజుకు తీసుకుంటాయి. మూడు నుంచి ఐదేళ్లలో వారంటీ గానీ లీజు గానీ ముగియగానే, బాగా పనిచేస్తున్నవాటితో సహా అన్నింటినీ ఒకేసారి మార్చేస్తాయి. అలా బయటికి వచ్చిన సరుకును టోకున కొన్నవాళ్లు శుభ్రం చేసి, పరీక్షించి, రీఫర్బిష్డ్ పేరుతో అమ్ముతారు. ఈ మాటకు అర్థం మాత్రం అమ్మేవారిని బట్టి మారిపోతుంది. తయారీదారే వెనక్కి తీసుకుని భాగాలు మార్చి ఇచ్చినదీ రీఫర్బిష్డే, పైపైన గుడ్డతో తుడిచి విండోస్ తిరిగి వేసినదీ రీఫర్బిష్డే. ఏ గ్రేడు, బీ గ్రేడు అన్నవి చాలాచోట్ల పైడబ్బా మీద గీతలు, సొట్టలు ఎన్ని ఉన్నాయో చెప్పే గుర్తులే తప్ప లోపలి ఆరోగ్యానికి కొలమానాలు కావు. బల్ల కింద పెట్టుకునే డబ్బాకు గీతలుంటే నాకేమీ నష్టం లేదు కాబట్టి, నేను బీ గ్రేడునే వెతికాను.

వెతకడానికి ముందు కాగితం మీద ఒక గీత గీసి, ఎడమవైపు తర్వాత మార్చుకోగలిగినవి, కుడివైపు ఎప్పటికీ మార్చలేనివి రాసుకున్నాను. ర్యామ్, డిస్కు, బ్యాటరీ, వైఫై ఎడమవైపుకు చేరాయి. ప్రాసెసర్ తరం, మదర్‌బోర్డు, డబ్బా సైజు, పవర్ సప్లై కుడివైపున నిలిచాయి. మామూలుగా విడిభాగాలతో కట్టించిన కంప్యూటర్‌లో ఈ కుడివైపు జాబితా ఇంత పొడుగ్గా ఉండదు. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ వంటి ఆఫీసు యంత్రాల్లో మాత్రం బోర్డు ఆకారం, పవర్ కనెక్టరు చాలావరకు ఆయా కంపెనీల సొంత కొలతలవి. బజారులో దొరికే మామూలు పవర్ సప్లై తెచ్చి బిగిద్దామంటే అది పట్టదు, పట్టినా దాని ప్లగ్గు బోర్డుకు సరిపోదు. కాబట్టి డబ్బు ఎడమవైపు వాటి మీద తర్వాత నెమ్మదిగా పెట్టవచ్చు గానీ, జాగ్రత్త మొత్తం కుడివైపు వాటి మీద ఇప్పుడే పెట్టాలని నాకు నేను చెప్పుకున్నాను. ఆ జాబితాలో రాయాల్సిన ముఖ్యమైన అంశం ఒకటి అసలు నా ఊహకే అందలేదని తర్వాత తెలిసింది.

డబ్బా సైజు విషయంలో ఎక్కువ తర్జనభర్జన పడలేదు. ఈ యంత్రాలు ప్రధానంగా మూడు సైజుల్లో వస్తాయి. టవర్‌లో చోటు ఎక్కువ, కానీ నా బల్ల కింద దానికి చోటు లేదు. పుస్తకమంత ఉండే మైక్రోలో ల్యాప్‌టాప్ రకం ర్యామ్ పడుతుంది, తరచుగా 35 వాట్ల ప్రాసెసర్ ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డుకు సాధారణంగా చోటుండదు. ఈ రెంటికీ మధ్యస్థంగా ఉండే స్మాల్ ఫామ్ ఫ్యాక్టర్ డబ్బాలో డెస్క్‌టాప్ ర్యామ్, 65 వాట్ల ప్రాసెసర్, పొట్టి రకం కార్డులు పట్టే స్లాట్లు ఉంటాయి కాబట్టి దానికే మొగ్గాను.

అసలు చిక్కంతా ప్రాసెసర్ తరంలో ఉంది. అమ్మకానికి పెట్టిన ప్రకటనల్లో చాలావాటిలో కోర్ ఐ5 అని మాత్రమే ఉండేది. ఐ5 అన్న పేరు 2009 నుంచి ఉంది, కాబట్టి అది చెప్పడం వల్ల మనకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. దాని వెనకున్న అంకెను చూడాలి: 6500 అయితే ఆరో తరం, 7500 అయితే ఏడో తరం, 8500 అయితే ఎనిమిదో తరం, 10500 అయితే పదో తరం. విండోస్ 11 అధికారికంగా మద్దతిచ్చే ఇంటెల్ ప్రాసెసర్లు, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే మొదలవుతాయి. దానికి తోడు భద్రతా తాళపుచెవులను దాచే టీపీఎం 2.0 చిప్పు, నమ్మదగిన సాఫ్ట్‌వేరుతోనే యంత్రం మొదలయ్యేలా చూసే సెక్యూర్ బూట్ కూడా ఉండాలి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఏడో తరం యంత్రాలు కారుచౌకగా కనిపించడానికి ఇదే ప్రధాన కారణమని నా అభిప్రాయం. విండోస్ బదులు లినక్స్ వేసుకునేవారికి అవి ఇప్పటికీ మంచి బేరమే. నా పనిలో రెండు ప్రోగ్రాములు విండోస్‌లో తప్ప నడవవు కాబట్టి నాకు ఆ దారి లేదు.

ఇక్కడ నేను దాదాపు బోల్తా పడబోయాను. ఏడో తరం యంత్రాన్ని చవకగా కొని, తర్వాత ఎనిమిదో తరం ప్రాసెసర్ విడిగా తెచ్చి వేసుకోవచ్చు కదా అని ఆలోచించాను, ఎందుకంటే రెండింటి సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) పేరూ ఎల్‌జీఏ 1151 అనే ఉంటుంది. పేరు ఒకటే అయినా లోపలి విద్యుత్ అమరిక మారిందనీ, ఎనిమిదో తరానికి 300 వరుస చిప్‌సెట్ (బోర్డు మీది నియంత్రణ చిప్పు) ఉన్న బోర్డే కావాలనీ, పాత బోర్డులో పెడితే యంత్రం లేవదనీ ఇంకొంచెం చదివాక తెలిసింది. దీంతో ఐ5 8500 ఉన్న యంత్రమే కావాలని తేల్చుకున్నాను. 2018లో వచ్చిన ఈ ప్రాసెసర్‌లో ఆరు కోర్లున్నాయి. అంతకుముందు ఏడాది వచ్చిన ఐ5 7500లో ఉన్నవి నాలుగే. ఒక్క తరంలో కోర్లు ఒకటిన్నర రెట్లు కావడం వల్ల, ఈ రెంటి మధ్య తేడా మామూలుగా వరుస తరాల మధ్య ఉండే తేడా కంటే బాగా ఎక్కువ.

అమ్మేవారితో ఫోనులో మాట్లాడినప్పుడు మూడు ప్రశ్నలు అడిగాను: బయోస్‌కు (విండోస్ కంటే ముందు నడిచి యంత్రం అమరికలు చూసే, బోర్డులోని ప్రోగ్రాముకు) పాస్‌వర్డు ఉందా, పవర్ కేబుల్ ఇస్తారా, వెనక్కి పంపడానికి ఎన్ని రోజుల గడువు ఉంటుంది. బయోస్ పాస్‌వర్డు సంగతి అడగడం చాలా అవసరం. పాత ఆఫీసు పెట్టిన ఆ తాళం అలాగే ఉండిపోతే యంత్రం ఏ డిస్కు నుంచి మొదలవ్వాలో చెప్పే బూట్ క్రమం కూడా మార్చుకోలేము. ఆయన ఓపికగానే జవాబిచ్చారు. "అన్నీ చెక్ చేసే పంపుతాం సార్, మీరు ప్లగ్గు పెట్టి ఆన్ చేసుకోవడమే" అన్నారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ప్లగ్గు పెట్టి ఆన్ చేయడం వరకు నిజంగానే ఏ ఇబ్బందీ కలగలేదు.

యంత్రం వచ్చిన రోజున దాన్ని ఆన్ చేయకముందే మూత తీసి చూశాను. పైన ఎడమ మూలలో పాత ఆఫీసువారి ఆస్తి సంఖ్య స్టిక్కరు సగం చింపి వదిలేసి ఉంది. లోపల కంటికి కనిపించే చోట శుభ్రంగానే ఉంది గానీ, ఫ్యాను వెనక, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల సందుల్లో దుమ్ము ఎండిన చాపలా అట్టకట్టుకుని ఉంది. డబ్బా మీదున్న సీరియల్ సంఖ్యను తయారీదారు మద్దతు సైటులో ఇస్తే, ఆ యంత్రం మొదట ఏయే భాగాలతో వచ్చిందో, వారంటీ ఎప్పుడు ముగిసిందో కనిపించింది. ప్రకటనలో ఉన్న ప్రాసెసరు, ఆ రికార్డులో ఉన్న ప్రాసెసరు ఒకటే కావడంతో సగం భారం దిగింది.

తర్వాత ఆన్ చేసి, డిస్కు ఆరోగ్యం చూపే చిన్న ప్రోగ్రామును నడిపాను. 500 జీబీ హార్డ్ డిస్కు అది. పాడైన సెక్టార్లు సున్నా, కానీ నడిచిన గంటలు 26,000 దాటాయి. రోజుకు తొమ్మిది గంటలు, ఏడాదికి 250 పనిదినాల చొప్పున ఐదేళ్లు వాడినా 11,250 గంటలే అవుతాయి కాబట్టి, పాత ఆఫీసులో దీన్ని రాత్రిళ్లు కూడా ఆపకుండా వదిలేసేవారని అర్థమైంది. హీట్‌సింక్‌లో అంత దుమ్ము ఎలా చేరిందో కూడా ఈ లెక్కే చెప్పింది. అమ్మేవారు చెప్పే చరిత్ర కంటే ఈ ఒక్క అంకె నాకు ఎక్కువ విషయం చెప్పింది.

ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో వేడి 90 డిగ్రీలకు చేరింది. ఫ్యాను మిక్సీలా మోత పెట్టింది. ప్రాసెసర్ నుంచి హీట్‌సింక్‌కు వేడిని చేర్చే థర్మల్ పేస్టు ఎండిపోయిందని అనుమానించి హీట్‌సింక్ తీయాలని నిర్ణయించుకున్నాను. ఇది భయపడినంత కష్టమైన పని కాదు గానీ తొందర పనికిరాదు. కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపి పేస్టు కాస్త మెత్తబడ్డాక, పూర్తిగా ఆపి, ప్లగ్గు తీసి, నాలుగు స్ప్రింగు స్క్రూలను ఒక్కొక్కటిగా పూర్తిగా విప్పేయకుండా ఎదురెదురు మూలల నుంచి కొంచెం కొంచెంగా వదులు చేస్తూ వచ్చాను. ఆపైన హీట్‌సింక్‌ను నిలువుగా లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పితే పట్టు వదిలింది. పేస్టు అంచుల్లో సుద్దముక్కలా పొడిబారి, గోటితో గీకితే రాలుతోంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన మెత్తని గుడ్డతో రెండువైపులా లోహం మెరిసేదాకా తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు మధ్యలో పెట్టి తిరిగి బిగించాను. దుమ్ము చాపను బ్రష్షుతో, గాలి డబ్బాతో ఊడ్చేటప్పుడు ఫ్యాను గిర్రున తిరగకుండా వేలితో పట్టుకున్నాను. మళ్లీ అదే పరీక్ష పెడితే వేడి 71 దగ్గర ఆగింది. మొత్తం పనిలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ ఫలితం ఇచ్చిన మార్పు ఇదే.

ర్యామ్ విషయానికి వస్తే, యంత్రంతో 8 జీబీ ముక్క ఒక్కటే వచ్చింది. ఒక్కటే ఉంటే మెమరీ ఒకే చానెల్‌లో నడుస్తుంది. అదే కొలత గల రెండోదాన్ని సరైన స్లాటులో వేస్తే రెండు చానెళ్లు పనిచేసి, ముఖ్యంగా విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనప్పుడు, తెర పనులు చురుగ్గా సాగుతాయి. నేను వాడిన ర్యామ్‌నే కొనాలనుకున్నాను. చవకగా కనిపించినవాటిలో చాలా భాగం సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ రకం. చూడటానికి ఒకేలా ఉన్నా ఈ బోర్డులు దాన్ని అంగీకరించవు. లేబులు మీద పీసీ4-2666వీ అన్నదాని తర్వాత వచ్చే ఇంగ్లీషు అక్షరం యూ అయితే మామూలు డెస్క్‌టాప్ రకం, ఆర్ అయితే సర్వర్ రకం, ఎస్ అయితే ల్యాప్‌టాప్ రకం. ఈ ఒక్క అక్షరం చూసి రెండు బేరాలు వదులుకున్నాను.

సరైన ముక్క తెచ్చి బిగించాక మొదటిసారి ఆన్ చేస్తే తెర నల్లగానే ఉండిపోయింది. పక్కనే టార్చి పట్టుకుని నిలుచున్న మా తమ్ముడు "అన్నయ్యా, చంపేశావా దీన్ని?" అన్నాడు. నాకూ గుండె జారినంత పనైంది గానీ, స్విచ్చి మీద చెయ్యి వేయకుండా ఆగాను. అర నిమిషం పైనే గడిచాక తయారీదారు గుర్తు తెర మీదకు వచ్చింది. ర్యామ్ మారినప్పుడు బోర్డు దాన్ని కొత్తగా పరీక్షించి కొలతలు సరిచూసుకుంటుందనీ, ఆ సమయంలో కంగారుపడి కరెంటు తీసేయకూడదనీ తెలిసి ఉండటం మంచిదైంది. ఆ రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్‌ను పూర్తిగా ఒక విడత నడిపించి, తప్పు ఒక్కటీ రాలేదని చూసుకున్నాకే తర్వాతి పనికి దిగాను.

తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల మీదే డేటా దాచే ఎస్‌ఎస్‌డీ కోసం బోర్డు మీద ఎం.2 అనే స్లాటు ఉంది. హార్డ్ డిస్కు సెకనుకు నూరు, నూటయాభై మెగాబైట్ల దగ్గర ఆయాసపడుతుంటే, పాత సాటా దారిలో నడిచే ఎస్‌ఎస్‌డీ సుమారు 550 దాకా, మరింత వేగమైన మూడో తరం పీసీఐఈ దారి మీద నడిచే ఎన్‌వీఎంఈ రకం 3,000 పైదాకా వెళ్లగలదు. అయితే రోజువారీ పనిలో మనకు తెలిసే పెద్ద తేడా హార్డ్ డిస్కు నుంచి ఏదో ఒక ఎస్‌ఎస్‌డీకి మారడంలోనే ఉంటుంది. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారడం నా వంటివాడికి అంతగా తెలియదు. కాబట్టి అతి వేగవంతమైనదాని కోసం పోకుండా, పేరున్న తయారీదారు చేసిన 500 జీబీ ఎన్‌వీఎంఈ ముక్క ఒకటి తీసుకున్నాను. స్లాటులో అది చక్కగా కూర్చుంది, రెండో చివర మాత్రం స్ప్రింగులా పైకి లేచి నిలబడింది. దాన్ని బోర్డుకు అదిమిపెట్టే చిన్న స్క్రూ యంత్రంతో రాలేదు. గోరు కొసంత ఉండే ఆ స్క్రూ లేక రెండు రోజులు పని ఆగింది. ఆఫీసులు వీటిని అమ్మేముందు డిస్కు పీకేసినప్పుడు ఈ స్క్రూ తప్పిపోవడం మామూలేనని, దాన్ని విడిగా అమ్మినాయన నవ్వుతూ చెప్పారు.

విండోస్ వేయబోతే ఇన్‌స్టాలరుకు ఆ కొత్త ఎస్‌ఎస్‌డీ కనిపించలేదు. కారణం బయోస్‌లో దొరికింది. ఆఫీసు యంత్రాల్లో కొన్ని డిస్కులను రెయిడ్ (పలు డిస్కులను కలిపి నడిపే) పద్ధతిలో చూసేలా అమర్చి వస్తాయి, ఆ పద్ధతికి తగిన డ్రైవరు ఇన్‌స్టాలరులో లేకపోతే డిస్కు కనబడదు. దాన్ని మామూలు పద్ధతి అయిన ఏహెచ్‌సీఐకి మార్చి, ఆపి ఉన్న టీపీఎంను తెరిచి, బూట్ పద్ధతిని కొత్త రకమైన యూఈఎఫ్ఐకి తెచ్చాక అంతా సాఫీగా సాగింది. అంతా అయిపోయిందనుకుని, నెట్ తీగ పెట్టి, భాష, కీబోర్డు ఎంచుకుని ముందుకు వెళ్లాను.

తెర మీద నేనెన్నడూ వినని ఒక సంస్థ పేరుతో స్వాగతం పలుకుతూ, ఆ సంస్థ ఇచ్చిన ఈమెయిలుతో లాగిన్ కమ్మని అడిగే పుట వచ్చింది. నాకు మొదట అసలేమీ అర్థం కాలేదు. పాత డిస్కు విప్పి బల్ల సొరుగులో పెట్టాను. యంత్రంలో ఉన్నది అట్టపెట్టె నుంచి నేనే తీసిన కొత్త ఎస్‌ఎస్‌డీ. విండోస్ నేనే దింపుకుని పెన్‌డ్రైవులో వేసుకున్నది. ఇంక ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కడో పొరపాటు చేశానేమోనని డిస్కు తుడిచి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. మళ్లీ అదే పుట, అదే పేరు.

అప్పుడు కూర్చుని చదివితే సంగతి బోధపడింది. సంస్థలు తమ కంప్యూటర్లను విండోస్ ఆటోపైలట్ అనే ఏర్పాటులో నమోదు చేసుకుంటాయి. బోర్డు తదితర భాగాల నుంచి తీసిన గుర్తు ఒకటి ఆ సంస్థ పేరు మీద మైక్రోసాఫ్ట్ సర్వర్లలో ఉంటుంది. విండోస్‌ను కొత్తగా వేసి నెట్‌కు కలిపినప్పుడల్లా యంత్రం అక్కడ వాకబు చేసి, ఫలానా సంస్థ సొత్తునని తెలుసుకుని ఆ పుటను ముందుకు తెస్తుంది. ఉద్యోగి చేతికి అట్టపెట్టె నేరుగా చేరినా యంత్రం తనంతట తాను ఆఫీసు పద్ధతిలో సిద్ధం కావడం దీని ఉద్దేశం, ఆ పనికి ఇది నిజంగా చక్కటి ఏర్పాటు. యంత్రాన్ని అమ్మేసేటప్పుడు ఆ నమోదును తీసేయాల్సిన బాధ్యత పాత సంస్థది. నా విషయంలో వాళ్లు మరిచారు, మధ్యలో కొన్నవారు చూడలేదు. నేను గీత గీసి రాసుకున్న కుడివైపు జాబితాలో ఉండాల్సింది ఇదే. స్క్రూడ్రైవరుకు అందేచోట ఇది లేదు.

అమ్మినాయనకు ఆ పుట ఫోటో పంపి ఫోను చేశాను.

"అదా సార్, నెట్ తీగ పీకేసి ఇన్‌స్టాల్ చేసుకోండి, ఆ పేజీయే రాదు" అన్నారు.

"ఇప్పటికి రాదండీ. రేపు ఎప్పుడైనా విండోస్ రీసెట్ చేస్తే మళ్లీ వస్తుంది కదా? అప్పుడు మీ గడువు కూడా అయిపోయి ఉంటుంది."

కాసేపు మౌనం తర్వాత, "అది వాళ్ల ఐటీ వాళ్లే తీయాలి సార్. మేం లాట్‌గా కొన్నాం" అన్నారు.

ఆయన చెప్పిన అడ్డదారి తెలియక కాదు, దాన్ని కావాలనే వద్దనుకున్నాను. వేరొకరి పేరు మీద ఉన్న యంత్రంలో నా పని కాగితాలన్నీ పెట్టుకోవడం నాకు నచ్చలేదు. పైగా అది సక్రమంగా అమ్మిన సరుకేనని రుజువయ్యేదీ ఆ నమోదు తీసినప్పుడే. అందుకే, సీరియల్ సంఖ్యతో సహా సంగతంతా రాసి, నమోదు తీయించండి, లేదా గడువులోగా యంత్రాన్ని వెనక్కి తీసుకోండి అని మర్యాదగానే ఒక మెయిలు పంపాను. ఆయన ఆ మెయిలును తనకు అమ్మినవారికి, వారు పాత సంస్థకు పంపినట్టున్నారు. తొమ్మిది రోజులు పట్టింది. ఈ లోపు పెన్‌డ్రైవు నుంచి నేరుగా నడిచే లినక్స్‌తో ప్రతి పోర్టునూ, శబ్దాన్నీ, రెండు తెరలనూ పరీక్షించుకున్నాను. లినక్స్‌కు ఆ నమోదుతో ఏ సంబంధమూ లేదు కాబట్టి అందులో ఏ పేరూ ఎదురుకాలేదు. పదో రోజున మళ్లీ విండోస్ వేసి నెట్‌కు కలిపితే, ఇంటి కోసమా ఆఫీసు కోసమా అని అడిగే మామూలు పుట వచ్చింది. ఒక ఇన్‌స్టాలేషన్ పుట చూసి అంత సంతోషించడం నా జీవితంలో అదే మొదలు. బోర్డులోనే నిక్షిప్తమై ఉన్న విండోస్ ప్రో లైసెన్సు, నేనేమీ టైపు చేయకుండానే, తనంతట తానే యాక్టివేట్ అయింది.

తర్వాతి చిక్కు నా స్వయంకృతం. ఒక రాత్రి గోడ దగ్గర స్విచ్చి ఆపేసి పడుకున్నాను. మర్నాడు ఆన్ చేస్తే బ్రౌజరు ఏ సైటునూ తెరవకుండా, భద్రత సరిగా లేదని గోల పెట్టింది. చూస్తే గడియారం కొన్నేళ్లు వెనక్కి వెళ్లి ఉంది. సైట్ల భద్రతా పత్రాలకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని కాలపరిమితి ఉంటుంది కాబట్టి, కంప్యూటర్ తేదీ తప్పితే అవన్నీ చెల్లనివిగానే కనబడతాయి. గోడ నుంచి కరెంటు అందుతున్నంత కాలం బయటపడని లోపమిది. బోర్డు మీద నాణెం ఆకారంలో ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది, అంతే. దాన్ని మార్చడం నిమిషం పని. అంతటితో ఆగకుండా, అన్నీ శుభ్రంగా ఉండాలనే అతి జాగ్రత్తతో బయోస్‌ను డిఫాల్ట్ సెట్టింగులకు తెచ్చాను. విండోస్ మొదలవుతూనే నీలితెర చూపి, బూట్ డిస్కు అందడం లేదని చేతులెత్తేసింది. డిఫాల్ట్‌తో పాటు ఆ రెయిడ్ పద్ధతి కూడా తిరిగి వచ్చేసిందని గుర్తుకు రావడానికి గంట పట్టింది. మళ్లీ ఏహెచ్‌సీఐకి మార్చగానే ఏమీ జరగనట్టు లేచింది. ఆ రోజే బయోస్‌లో నేను మార్చిన ప్రతి సెట్టింగునూ ఒక చీటీ మీద రాసి డబ్బా మూత లోపలివైపు అతికించాను.

గ్రాఫిక్స్ కార్డు కొనలేదు. ప్రాసెసర్‌లోనే ఉన్న యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ నా రెండు తెరలకు సరిపోతోంది. ఆటల కోసం కొనేవారు మాత్రం ఈ డబ్బాలో పొట్టి కార్డే పడుతుందనీ, స్లాటు నుంచి గరిష్ఠంగా 75 వాట్లకు మించి ఆశించకూడదనీ, సుమారు 200 వాట్ల పవర్ సప్లై నుంచి అదనపు తీగ ఏదీ దొరకదనీ ముందే తెలుసుకోవాలి. ఇక వైఫై ఈ యంత్రంలో అసలు లేదు. యూఎస్‌బీ అడాప్టరును వెనక పోర్టులో పెడితే ఇనుప డబ్బా వెనక నక్కి సిగ్నలు అందలేదు, మీటరు పొడవు యూఎస్‌బీ తీగతో బల్ల మీదకు తెచ్చాక కుదురుకుంది. తెర తీగల సంగతి కూడా ముందు చూసుకోవాలి. వెనక రెండు డిస్‌ప్లేపోర్టులున్నాయి గానీ నా తెరలు రెండూ హెచ్‌డీఎంఐవి.

ఈ యంత్రాన్ని వాడటం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. హార్డ్ డిస్కుతో వచ్చినప్పుడు లాగిన్ అయ్యాక ఎక్సెల్ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు చూడాల్సి వచ్చేది, ఇప్పుడు కుర్చీ ముందుకు జరుపుకునేలోపు తెరుచుకుంటోంది. 26,000 గంటలు నడిచిన ఆ డిస్కును పారేయలేదు, అలాగని నమ్మనూ లేదు. వేరేచోట నకలు ఉన్న స్కాన్ ఫోటోలు మాత్రమే అందులో ఉంటాయి. ముందువైపు యూఎస్‌బీ పోర్టుల్లో ఒకటి వదులుగా ఉంది, దానికి మౌసు రిసీవరు తప్ప ఇంకేమీ పెట్టను.

పోయిన నెల మా తమ్ముడు కూడా ఇటువంటిదే ఒకటి కావాలంటే అదే అమ్మకందారుకు ఫోను చేశాను. ఈసారి డబ్బు పంపకముందే, విండోస్‌ను కొత్తగా వేసి, నెట్ తీగ పెట్టి, ఇంటి కోసమా ఆఫీసు కోసమా అని అడిగే పుట వచ్చేదాకా ఫోనులో వీడియో తీసి పంపమన్నాను, ఆ వీడియోలో డబ్బా మీది సీరియల్ సంఖ్య కూడా కనిపించాలన్నాను. "మీరు అడుగుతారని తెలుసు సార్" అని ఆయన సాయంత్రానికి వీడియో పంపారు. చివర్లో, ఎం.2 స్క్రూ ఉన్నచోటును వేలితో చూపిస్తూ కెమెరాను దగ్గరికి తీసుకెళ్లారు.